చేత్తో చేసే పని థీసిస్ ఎప్పుడవుతుంది?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర కలంకారీ చేసే కుటుంబం. టెక్స్‌టైల్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరాను. మా ఇంటి రంగుల మీదే పని చేద్దామని నా కోరిక. మా గైడుగారేమో ‘నువ్వు చేస్తున్నది ఉత్పత్తి, పరిశోధన కాదు. డేటా ఏదీ?’ అంటున్నారు. నాన్నకు చెబితే ‘కొలిస్తే రంగొస్తుందా? చెయ్యి తిరగాలి గానీ’ అంటారు. ఆయన పాలు, కరక్కాయ, కసిం (తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసే నల్లరంగు ద్రవం), పటిక ఏదీ తూచి వేయరు, అంతా కంటి లెక్కే. ఇంటి పాళ్లన్నీ పుస్తకంలో పెట్టేస్తే మనకు మిగిలేదేమిటని బాబాయి కోపం. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి?

సమాధానం: గైడుగారు అడిగిన తీరు ఎలా ఉన్నా, అడిగినది న్యాయమే. బాగా వేసిన వంద తాన్లు పక్కపక్కన పేర్చినా థీసిస్ కాదు. నాన్నగారి మాటలోనూ తప్పు లేదు. పట్టిక చూసి పాళ్లు వేసినంత మాత్రాన ఆ ఎరుపు రాదు. అయితే ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డొచ్చేవి కావు. పని మధ్యలో నాన్నగారు ‘ఇక చాలు’ అనే చోట్లను గమనించండి. కరక్కాయ పాలలోంచి గుడ్డను పైకి తీసే క్షణం, కసిం కుండ పక్వానికి వచ్చిందని చెప్పే రోజు, పటిక పూసిన గుడ్డను ఏటికి తీసుకెళ్లే పూట, గంగాళంలో ఎరుపు దిగిందని మంట తీసే సమయం. వీటిలో ప్రతిదీ ఒక నిర్ణయం. ఆ నిర్ణయం దేన్ని చూసి జరిగింది, కాస్త ముందో వెనకో జరిగితే ఏం చెడుతుంది అన్నది ఇంకొకరు తిరిగి చేసి చూసుకునేలా చూపగలిగితే, అది పరిశోధన. మీ అంశం అక్కడుంది. ‘శ్రీకాళహస్తి కలంకారీ: ఒక అధ్యయనం’ అన్న తరహా పేరులో లేదు.

గైడుగారికి సిద్ధాంతపరమైన ఆధారం కావాలంటే ఒకటుంది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1993లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ కళా పరిశోధనను మూడు రకాలుగా విడదీశారు: కళ గురించి చేసేది, కళ ద్వారా చేసేది, కళ కోసం చేసేది. మీది రెండో రకం. సినాప్సిస్‌లో దీనికి ఒక పేరా చాలు. చాలామంది ఈ చర్చతోనే రెండు అధ్యాయాలు నింపేసి, అద్దకం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోతారు.

ఇక అసలు పనికొద్దాం. మొదటి ప్రయోగంగా పాలను తీసుకోండి. కరక్కాయతో పాటు గేదెపాలు ఎందుకు కలుపుతారని అడిగితే కలంకారీ వాళ్లెవరైనా చెప్పే జవాబు ఒకటే: కలంతో గీసిన గీత పాకకుండా. పనిచేసేది పాలలోని కొవ్వా, మాంసకృత్తా, రెండూనా? దీన్ని తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, పాల బూత్ చాలు. ప్యాకెట్ పాలలో కొవ్వు నియమం ప్రకారం ఉంటుంది. స్కిమ్డ్‌లో 0.5 శాతం లోపు, డబుల్ టోన్డ్‌లో 1.5, టోన్డ్‌లో 3, ఫుల్ క్రీమ్‌లో 6. కొవ్వు కాని ఘనపదార్థాలు మాత్రం అన్నిట్లోనూ సుమారు 8.5 నుంచి 9 శాతం మధ్యే. అంటే మాంసకృత్తులు దాదాపు మారకుండా కొవ్వు మాత్రమే మెట్లు మెట్లుగా పెరిగే వరుస మీకు తయారుగా దొరుకుతోంది. వీటికి పాలు లేని ఉత్త నీటి తొట్టి ఒకటి, ఇంటి దగ్గర పిండిన గేదెపాలది ఒకటి చేర్చండి. పచ్చి పాలు తప్పకుండా ఉండాలి. ప్యాకెట్ పాలను కాచి, చాలావాటిని హోమోజినైజ్ కూడా చేస్తారు. అప్పుడు కొవ్వు బొట్లు చితికి చిన్నవైపోతాయి, గుడ్డ మీద అవి పరుచుకునే తీరు మారవచ్చు.

మొత్తం ఆరు తొట్లు. కరక్కాయ పొడి అన్నిట్లోనూ లీటరుకు 50 గ్రాములు అనుకోండి. ఈ అంకె పరీక్ష కోసం పెట్టుకున్నదే. మీ ఇంట్లో వేసే మోతాదు వేరైతే అదే పెట్టుకోండి, తొట్టికి తొట్టికి మారకుండా చూడండి. గంజి పూర్తిగా వదిలించిన గాడా గుడ్డను (ముతక నూలు గుడ్డను) 15 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించండి. గంజి వదిలిందో లేదో ఒక అయోడిన్ చుక్క చెబుతుంది, నీలం తేలితే ఇంకా ఉన్నట్టే. కరక్కాయ పొడి పాలలో పడ్డాక ఎన్ని నిమిషాలకు గుడ్డ ముంచారో తప్పకుండా రాయండి. కరక్కాయలోని టానిన్ పాల మాంసకృత్తును గడ్డకట్టిస్తుంది, కాబట్టి 5 నిమిషాల తొట్టి, 40 నిమిషాల తొట్టి ఒకటి కావు. ఇంట్లో గబగబా కలిపి గబగబా ముంచుతారు కాబట్టి ఆ తేడా ఎప్పుడూ బయటపడదు. ప్రయోగంలో ఆరు తొట్లు వరసగా కలిపేటప్పుడు మాత్రం చివరి తొట్టికి వచ్చేసరికి అది మొత్తం ఫలితాన్ని పాడుచేస్తుంది.

గీత కొలవడానికి రెండు దారులు పెట్టుకోండి. ఒకటి యంత్రపు దారి: మైక్రోపిపెట్‌తో 10 మైక్రోలీటర్ల కసిం చుక్క వేసి, 24 గంటలు ఆరాక స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయండి. స్కాన్‌లో స్కేలు కూడా పడాలి. ఆ లెక్కన ఒక మిల్లీమీటరుకు సుమారు 23.6 పిక్సెళ్లు వస్తాయి. చుక్క పడుగు వైపు ఒకలా, పేక వైపు ఒకలా పాకుతుంది కనుక రెండు వ్యాసాలూ కొలవండి. రెండోది చేతి దారి: నాన్నగారు అదే కలంతో ప్రతి ముక్క మీదా ఒక గీత గీస్తారు. ఏ ముక్క ఏ తొట్టిదో ఆయనకు తెలియకూడదు, ముక్కలు కలిపేసి ఇవ్వాలి. గీశాక ‘ఇది బాగుంది, ఇది పాకింది, దీని మీద కలం జారలేదు’ అని ఆయన ఏమంటే అదే, ఆయన మాటల్లోనే రాసుకోండి. చుక్క కొలతా, ఆయన తీర్పూ కలిసిన చోట మీకు ఒక ఫలితం. కలవని చోట అంతకంటే మంచి ఫలితం. చుక్క పాకకపోయినా ఆయన వద్దన్న గుడ్డ ఉంటే, ఆయన చూస్తున్నది పాకడం ఒక్కటే కాదన్నమాట. కలం కదలడం, గుడ్డ బిగువు, తడి పీల్చుకునే వేగం, వీటిలో ఏదో ఉంది. తర్వాతి అధ్యాయం అందులోంచి వస్తుంది.

ఇక్కడ పరీక్షకులు తప్పకుండా పట్టుకునే పొరపాటు ఒకటుంది. ఒకే తొట్టిలో ముంచిన ఐదు ముక్కలు ఐదు ప్రయోగాలు కావు. ఒక ప్రయోగాన్ని ఐదుసార్లు కొలిచినట్టు లెక్క. ఆరు తొట్లనూ మూడు వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ కొత్తగా కలిపి చేయండి. అప్పుడు 18 తొట్లు, 90 ముక్కలు. గణాంకాల్లో మాత్రం ఒక్కో రకం పాలకు మీ సంఖ్య మూడే, పదిహేను కాదు. తొట్లు కలిపే వరస కూడా రోజూ చీటీ తీసి మార్చండి. పొద్దున ఎండలో ఆరినవీ, మధ్యాహ్నం ఎండలో ఆరినవీ వేరుగా ఉంటాయి.

కొలతల ప్రమాణం దగ్గర కూడా తికమక పడతారు. అద్దకం పుస్తకాలు చాలావరకు ‘గుడ్డ బరువు మీద ఇంత శాతం పటిక’ అంటాయి. గుడ్డను తొట్టిలో నానబెట్టే పద్ధతికి అది సరే. కలంకారీలో పటిక నీళ్లను ఎరుపు రావలసిన చోట మాత్రమే పూస్తారు. అక్కడ ఆ శాతానికి అర్థం లేదు. లీటరుకు ఎన్ని గ్రాములని రాయండి, దాంతో పాటు గుడ్డ ఎంత పీల్చుకుందో రాయండి. పూయకముందు, పూసిన వెంటనే తూస్తే తెలుస్తుంది. 100 గ్రాముల గుడ్డ 80 గ్రాముల ద్రవం పీల్చి, ద్రవం లీటరుకు 50 గ్రాముల పటికది అయితే, గుడ్డ మీద చేరింది సుమారు 4 గ్రాములు. ఈ ఒక్క లెక్క ఉంటే మీ ఫలితాన్ని వేరేవాళ్ల ఫలితాలతో పోల్చవచ్చు.

పటికని కూడా నమ్మి కూర్చోకండి. బజారులో పటిక పేరుతో పొటాష్ ఆలమ్‌తో పాటు నీటిశుద్ధికి వాడే అల్యూమినియం సల్ఫేట్ కూడా దొరుకుతుంది. పొటాష్ ఆలమ్‌లో అల్యూమినియం 5.7 శాతం, స్ఫటిక రూపంలోని అల్యూమినియం సల్ఫేట్‌లో 8.1 శాతం. ఒకదాని బదులు ఇంకొకటి గ్రాముకు గ్రాము వేస్తే అల్యూమినియం 40 శాతం పెరిగిపోతుంది. ఇనుము కలిసిన పటికైతే ఎరుపు మాసినట్టు వస్తుంది. పరీక్ష సులువే: పటిక నీళ్లలో నాలుగు చుక్కల కరక్కాయ కషాయం వేయండి. బూడిద రంగుకో నలుపుకో తిరిగితే అందులో ఇనుముంది. మీ నాన్నగారు ‘ఈ పటిక పనికిరాదు’ అని ఎప్పుడైనా పక్కన పెట్టి ఉంటే, ఆ ముక్కకు ఈ పరీక్ష చేయండి. ఆయన కన్ను ఏం చూసిందో తెలుస్తుంది.

కసిం దగ్గర మీ ఇంటికి అందరికంటే ఎక్కువ తెలుసు కాబట్టి రాసేటప్పుడు చాలా వదిలేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు, రెండు మూడు వారాలు అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఇనుము ఏమిటి? జింకు పూత పూసిన మేకులైతే ముందు జింకు కరుగుతుంది, స్టెయిన్‌లెస్ అయితే దాదాపు కరగదు. కుండ ఎక్కడ పెట్టారు, మూత ఎలాంటిది? గాలి చొరని సీసాలో బిగించవద్దు, పులుపులో ఇనుము కరిగేటప్పుడు వాయువు పుడుతుంది. మొదటి రోజు నుంచీ రోజూ ఒకే వేళకు ఆ నీళ్లతో కరక్కాయ పట్టించిన గుడ్డ పట్టీ మీద ఒక గీత గీసి, పక్కన తేదీ, పీహెచ్, గది వేడి రాయండి. మూడు వారాలకు ఆ పట్టీయే మీ గ్రాఫు. నాన్నగారు ‘అయింది’ అన్న రోజున ఒక సీసా పక్కకు తీసి, ల్యాబ్‌లో ఇనుము ఎంతుందో చూడండి. లోహాలను కొలిచే ఆటమిక్ అబ్సార్ప్షన్ యంత్రం లేకపోతే, ఇనుముతో కలిసి రంగు తేల్చే ఫెనాంథ్రోలిన్ పద్ధతి చాలు, 510 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అది ఫెర్రస్ రూపంలో ఉన్న, అంటే ఇంకా ఫెర్రిక్‌గా ఆక్సీకరణం చెందని ఇనుమును మాత్రమే పట్టుకుంటుంది. మొత్తం కావాలంటే ముందు హైడ్రాక్సిలమీన్‌తో క్షయకరణం చేయాలి. కసిం ముదురు రంగులో ఉంటుంది కనుక బాగా పలచన చేయకపోతే రీడింగ్ అబద్ధం చెబుతుంది. ఆ రోజు ఆయన ముక్కుతో పసిగట్టిన వాసనకు ఇంట్లో ఏ మాట వాడతారో అదీ అంకెల పక్కనే ఉండాలి.

చేతికి తెలియనిదీ, ల్యాబ్ మాత్రమే చెప్పగలిగేదీ ఒకటుంది, అది నలుపు మన్నిక. ఇనుము పత్తి నారను మెల్లగా తింటుంది. పాత అద్దకపు గుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే చిల్లులు పడటం మ్యూజియం వాళ్లకు బాగా తెలిసిన సంగతి. ఇనుము నారను ఆక్సీకరణం వైపు నెడుతుంది, మిగిలిపోయిన ఆమ్లం దాన్ని విరుస్తుంది. కసిం గీశాక ఎంత జాడిస్తే, లేదా ఎంత పలచన కసింతో గీస్తే నలుపు తగ్గకుండా గుడ్డ బలం నిలుస్తుంది? 50 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు, యంత్రపు దవడల మధ్య 200 మిల్లీమీటర్ల దూరం పెట్టి, ఐఎస్‌ఓ 13934-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తెగే బలం కొలవచ్చు. మీ ఇంట్లో ఏ ఏడాదిదో ఖాయంగా తెలిసిన పాత గుడ్డలు ఉంటే అవి ఏ విశ్వవిద్యాలయానికీ దొరకని నమూనాలు. నాన్నగారికి ఈ పరిశోధన వల్ల ఒరిగేదేమిటని చూపాలంటే దీన్నే చూపండి.

ఎరుపు దగ్గర పుస్తకాలతో జాగ్రత్త. ఎరుపు రంగిచ్చే మాడర్ వేరును 70, 75 డిగ్రీలు దాటనివ్వకూడదు, దాటితే గోధుమ రంగు దిగుతుందని ఐరోపా పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట రూబియా టింక్టోరమ్ అనే అక్కడి మొక్క గురించి. మన మంజిష్ఠ రూబియా కార్డిఫోలియా, అందులో ప్రధానంగా పర్‌ప్యూరిన్, మంజిస్టిన్ అనే రంగు పదార్థాలు ఉంటాయి. చిరువేరు అసలు వేరే చెట్టు, ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా, దాని ఎరుపు అలిజరిన్ అనే రంగు పదార్థం వల్ల. మూడూ ఎరుపే ఇస్తాయి, మూడింటి ఉడుకూ ఒకటి కాదు. గంగాళం మరుగుతుంటే ‘నాన్నా, ఇది తప్పు’ అని ఆపకండి. ఆపితే అది పరిశోధన కాదు, పుస్తకం మీద భక్తి. థర్మామీటరు వేలాడదీసి 10 నిమిషాలకొకసారి వేడి రాసుకుంటూ, ప్రతిసారీ ఒక చిన్న ముక్క బయటకు తీయండి. ఎరుపు ఎప్పుడు దిగిందో, ఎప్పుడు ముదిరి చెడిందో ఆ ముక్కలే చెబుతాయి.

అంగడిలో కొన్న సింథటిక్ అలిజరిన్ మీ ఇంట్లో వాడుతుంటే దాన్ని దాచకండి. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ దాన్ని తయారు చేసిన దగ్గర్నుంచి అద్దకం ఇళ్లలో అది చేరుతూనే వచ్చింది. అన్నీ సహజ రంగులే అని రాసి, రంగులోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో అలిజరిన్ ఒక్కటే ఒంటరి శిఖరంగా తేలితే మీ థీసిస్ అంతటి మీదా అనుమానం పడుతుంది. చిరువేరులోనూ అలిజరినే ప్రధానం కాబట్టి, ఆ ఒక్క ఆధారంతో ఎవరినీ తప్పుపట్టనూ కూడదు.

నీళ్ల సంగతి వేరుగా చూడాలి. అల్యూమినియం, అలిజరిన్ కలిసి నిండైన ఎరుపు కట్టాలంటే కాల్షియం కూడా కావాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేనప్పుడు బోరు నీటితో ఉడికించిన ఎరుపు తేడాగా వచ్చిందంటే మొదట చూడవలసింది కఠినత్వం. టీడీఎస్ మీటరు దాన్ని చెప్పదు, ఉప్పునూ సున్నాన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. కఠినత్వం కొలిచే ఈడీటీఏ టైట్రేషన్ కిట్ తెచ్చుకోండి. డిస్టిల్డ్ నీళ్లు, అదే నీటికి లెక్కగా కాల్షియం కలిపినవి, బోరు నీళ్లు, ఏటి నీళ్లు, ఈ నాలుగింటితో ఒకే గుడ్డ ఉడికిస్తే కథ మొత్తం బయటికొస్తుంది. పారే నీళ్లలోనే జాడించాలన్న పట్టుదలకూ కారణం ఉంది. నిలవ తొట్టిలో జాడిస్తే నారకు పట్టని పటిక వదిలి తెల్లగా ఉండాల్సిన చోట చేరుతుంది, ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. తొట్టి తప్పనిసరైతే గుడ్డకు ఎన్ని రెట్లు నీళ్లు, ఎన్నిసార్లు మార్చారో రాయాలి.

రంగు పక్కాతనానికి ఫోన్ ఫొటో డేటా కాదు. రంగును అంకెల్లో కొలిచే స్పెక్ట్రోఫొటోమీటరుతో, గుడ్డ నాలుగు మడతలు వేసి, యంత్రాన్ని డీ65 (ప్రామాణిక పగటి వెలుగు), 10 డిగ్రీల పరిశీలకుడు అనే అమరికలో పెట్టి కనీసం ఐదు చోట్ల కొలవండి. రంగు ఎంత నిలుస్తుందో చూడటానికి వెలుతురుకు ఐఎస్‌ఓ 105-బీ02 పరీక్ష, రాపిడికి అదే వరసలోని ఎక్స్12 సరిపోతాయి. ఉతుకుకు సాధారణంగా వాడే సీ06లో డిటర్జెంట్ క్షారంగా ఉంటుంది, కొన్ని సహజ రంగులు అందులో ఊడటం కాదు, వేరే రంగుకు తిరిగిపోతాయి. సబ్బుతో చేసే సీ10 కూడా చేయించి రెండూ చూపండి, కొనుక్కున్నవాళ్లు ఉతికే తీరుకు అదే దగ్గర.

నాన్నగారి నుంచి రాబట్టడం గురించి మీరు అడగలేదు గానీ, కష్టమంతా అక్కడే. మీరు ఆ ఇంటి పిల్ల, అందువల్ల మీకు వింతగా తోచేది ఏదీ ఉండదు, అడగవలసినవి అడగరు. పని జరుగుతున్నప్పుడు ప్రశ్నలు వేయకండి. ఒక కెమెరా పైనుంచి, ఒకటి చేతి పక్కనుంచి పెట్టి తీసి, అదే సాయంత్రం ఆ వీడియో ఆయనతో కలిసి చూస్తూ ‘ఇక్కడెందుకు ఆగారు?’ అని అడగండి. అద్దకం తెలియని సహ విద్యార్థి ఎవరైనా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. తర్వాత ఆయన్ను కావాలని తప్పు చేయమనండి: కరక్కాయ తక్కువ, పటిక పూసిన 6 గంటలకే జాడించడం, 24 గంటలకు, 72 గంటలకు. చేయి తిరిగినవాళ్లకు ఇది చిరాకు, ఒప్పించాలి. కానీ సరిగ్గా వచ్చినవాటి కంటే ఈ చెడినవే హద్దు ఎక్కడుందో చూపిస్తాయి. ఆఖరున మీరు రాసుకున్న పద్ధతిని ఇంకో ఇంట్లో అద్దకం చేసేవాళ్లకు ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో, అక్కడ మీ రాతలో ఏదో లోపించింది.

ముక్కలకు గుర్తులు పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కాగితం చీటీ మొదటి ఉడుకులోనే పోతుంది, ఇంకు గుర్తు తెలుపు తేల్చడానికి నానబెట్టే పేడ నీళ్లలో, ఎండలో చెరిగిపోతుంది. నూలు దారంతో కుట్టిన గుర్తు తానే రంగెక్కి గుడ్డలో కలిసిపోతుంది. పాలిస్టర్ దారంతో అంచున కుట్లు వేసి, కుట్ల లెక్కే సంఖ్యగా పెట్టుకోండి, అది ఈ రంగులు పెద్దగా పట్టదు. ప్రతి దశకూ ముందు ఒక మూల కత్తిరించి, చీకట్లో, ఆమ్లం లేని కాగితంలో దాచండి.

ఇలా దశదశకూ ముక్క దాచే పద్ధతి కొత్తది కాదు. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో బోలియు అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి అద్దకందారుల పని దగ్గరుండి చూసి, ప్రతి దశలో గుడ్డ ముక్క తీసి, రాతతో పాటు పారిస్ పంపాడు. అవి అక్కడి మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. 1742లో కూర్దూ అనే జెసూట్ మతగురువు, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినాయన, కొత్తగా మతం మారిన అద్దకందారుల నుంచి తెలుసుకున్న పద్ధతిని ఉత్తరంగా రాసి పంపాడు. పరిశోధనగా చూస్తే రెండూ మేలైన పనులే. ఆ శతాబ్దంలోనే ఐరోపాలో అద్దకపు కార్ఖానాలు లేచాయి. ఆ ఉత్తరం రాసినాయన పేరు చరిత్రలో ఉంది, రంగు వేసి చూపినవాళ్ల పేర్లు ఎవరి నోటా వినం. మీ బాబాయిగారి కోపం ఊరికే పుట్టింది కాదు.

కాబట్టి ఆయనకు అబద్ధపు భరోసా ఇవ్వకండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, కానీ ఆ గుర్తింపునిచ్చే 1999 చట్టం కాపాడేది పేరును, పాళ్లను కాదు. పైగా ఆ దరఖాస్తులోనే తయారీ దశలు బహిరంగంగా ఉంటాయి. పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(పీ) సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు రాకుండా చూస్తుంది, అయితే ఎవరైనా దాన్ని వాడుకోవడాన్ని ఆపదు. ఆమోదం పొందిన థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భండారంలో అందరికీ కనిపించేలా పెట్టాలన్నది యూజీసీ నియమం. ఒకసారి అక్కడ పడ్డ పాళ్లను వెనక్కి తీసుకోలేం.

దారి ఉంది. కుండలో ఏం వేశారన్నది రాయనక్కర్లేదు, కుండలోంచి ఏం వచ్చిందన్నది రాస్తే సరిపోతుంది. కసిం పీహెచ్, లీటరుకు ఎంత ఇనుము, ఫెర్రస్ ఎంత, ఇవి ఇస్తే మరో పరిశోధకుడు ఫెర్రస్ అసిటేట్‌తో అలాంటి ద్రవం చేసుకుని మీ ఫలితాన్ని పరీక్షించుకోగలడు. బెల్లం రకం, పాళ్లు, రోజుల లెక్క మీ ఇంట్లోనే ఉంటాయి. పని మొదలయ్యే ముందే నాన్నగారు, బాబాయిగారితో కూర్చుని అన్నిటినీ మూడు కుప్పలు చేయండి: అందరికీ చెప్పేవి, ఇంటి పేరుతో చెప్పేవి, చెప్పనివి. తెలుగులో ఒక ఒప్పంద పత్రం రాసి, చదివి వినిపించి, ఏ తేదీ వరకు మాట వెనక్కి తీసుకోవచ్చో అందులో పెట్టి సంతకాలు తీసుకోండి. విశ్వవిద్యాలయపు ఎథిక్స్ కమిటీకి దాని ప్రతి ఇవ్వండి. థీసిస్ బయటికి రావడాన్ని కొన్నాళ్లు ఆపే వీలుందా అని రిజిస్ట్రేషన్ అప్పుడే లిఖితపూర్వకంగా అడగండి, సమర్పించే రోజున అడిగితే వినరు. ప్రయోగాలు రూపొందించడంలో, ఫలితం అర్థం చెప్పడంలో పాలు పంచుకున్నవాళ్లు వ్యాసానికి సహరచయితలు. నాన్నగారిని కృతజ్ఞతల పేజీకి నెట్టేయడం న్యాయం కాదు. ప్రయోగానికి పోయిన రోజుల్లో చీర పని ఆగుతుంది, ఆ కూలిని ఫెలోషిప్ కంటింజెన్సీలో (పరిశోధన ఖర్చులకిచ్చే సొమ్ములో) ముందే చూపించండి.

వైవాలో ‘మీ నాన్నగారు ఒక్కరే కదా, ఇది అందరికీ ఎలా వర్తిస్తుంది?’ అని తప్పక అడుగుతారు. ఇంకో రెండు ఇళ్లలోనైనా పాలు, కసిం ప్రయోగాలు చేయించి ఉంటే దానికి జవాబు ఉంటుంది. ఉండకపోతే ఒక ఇంటి పద్ధతి అని శీర్షికలోనే ఒప్పుకోండి. మీరు ఆ ఇంటి మనిషి అన్నదీ మొదటి అధ్యాయంలోనే రాయండి, పరీక్షకుడు కనిపెట్టేదాకా ఆగకూడదు.

గైడుగారిని మళ్లీ కలిసే ముందు ఒక కసిం కుండ వేసి రోజువారీ పట్టీ మొదలుపెట్టండి, ఆ పట్టీతో వెళ్లండి. మొత్తం పరిశోధనకు సరిపడా గుడ్డ ఒకే తాను వరసలోంచి, పటిక ఒకే బస్తాలోంచి, కరక్కాయ ఒకే ఏడాది కాపులోంచి ఇప్పుడే కొని పెట్టుకోండి. కరక్కాయను పొడి చేయకుండా కాయగానే నిలవ ఉంచి, ఎప్పటికప్పుడు దంచుకోండి. రెండో ఏడాదిలో సరుకు మారితే మొదటి ఏడాది అంకెలతో పోల్చడానికి ఏమీ మిగలదు.